డిటర్జెంట్లలో సూక్ష్మజీవుల ఎంజైములు

డిటర్జెంటు ఎంజైములు అనగా బట్టలు ఉతికే పొడులలోను, ద్రవాలలోను మరకలను విడగొట్టడానికై కలిపే ప్రత్యేక మాంసకృత్తులు. వీటిని ప్రధానంగా బాక్టీరియాలనుండి, కొంతమేరకు బూజులనుండి తయారు చేస్తారు. రక్తం, పాలు, గంజి, నూనె వంటి మరకలలోని పెద్ద అణువులను ఇవి చిన్న ముక్కలుగా కోస్తాయి. ఆ ముక్కలు నీటిలో తేలికగా కలిసిపోతాయి. డిటర్జెంటు పొడిలో వీటి పాలు సాధారణంగా ఒక శాతానికి అటూ ఇటుగా మాత్రమే ఉంటుంది. అయినా వీటివల్ల చన్నీటిలోనే, తక్కువ రుద్దుడుతో, తక్కువ పొడితో బట్టలు శుభ్రపడతాయి.

ఎంజైము సజీవి కాదు. దానిని తయారు చేసిన సూక్ష్మజీవిని కర్మాగారంలోనే వేరుచేస్తారు. కాబట్టి "ఎంజైమున్న పొడిలో క్రిములు ఉంటాయి" అనే అపోహ సరికాదు. అలాగే "ఎంజైమున్న పొడి క్రిములను చంపుతుంది" అన్న నమ్మకమూ సరికాదు. బట్టల సాగు నీరు చివరికి కాలువలోకి చేరే విజయవాడ, కృష్ణా డెల్టా వంటి ప్రాంతాలలో ఈ విషయం ఇంటి శుభ్రతకే కాక తాగునీటికి కూడా సంబంధించినది.

నేపథ్యం

సబ్బులు, పొడులు రాకముందు తెలుగు నాట బట్టలను చౌడుతోను, కుంకుడుకాయలతోను ఉతికేవారు. చౌడు మట్టిలో సోడియం కార్బొనేటు వంటి క్షార లవణాలు ఉంటాయి. రజకులు మురికి బట్టలను చౌడు నీటిలో ముంచి, బానపై పేర్చి, ఆవిరి పట్టించేవారు. దీనిని "ఉబ్బ వేయడం" అంటారు. క్షారము, వేడిమి, రేవులో బండపై బాదడం అనే మూడింటి బలంతో మురికి వదిలేది. ఈ పద్ధతికి కట్టెలు, నీరు, ఒళ్ళు విరిగే శ్రమ ఎక్కువగా కావాలి. నూలు గుడ్డ తట్టుకున్నా దాని ఆయుష్షు తగ్గేది.

కుంకుడు రసంలోని సపోనిన్లు నురుగునిచ్చి జిడ్డును వదిలిస్తాయి. పట్టుబట్టలకు, రంగు వెలిసే బట్టలకు దీనిని వాడేవారు. ఈ రెండు పాత పద్ధతులలోని తర్కమే నేటి డిటర్జెంటు పొడిలోనూ ఉంది. చౌడు స్థానంలో సోడా, కుంకుడు స్థానంలో కృత్రిమ తలతన్యతా కారకాలు వచ్చాయి. ఉబ్బ వేడిమి, బండ దెబ్బలు చేసిన పనిలో కొంత భాగాన్ని ఎంజైములు తీసుకున్నాయి.

చరిత్ర

బట్టలు ఉతకడానికి ఎంజైములను వాడవచ్చునని మొదట చూపినది జర్మనీకి చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు ఓటో రోమ్. ఆయన 1913లో జంతువుల క్లోమగ్రంథినుండి తీసిన ఎంజైములను సోడాతో కలిపి వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ సరుకు "బర్నస్" అనే పేరుతో అమ్ముడయింది. కానీ క్లోమ ఎంజైములు డిటర్జెంటులోని గాఢ క్షారంలో నిలవలేక పోయాయి. జంతువుల అవయవాలపై ఆధారపడినందున సరఫరా కూడా పరిమితంగానే ఉండేది.

ఈ చిక్కును బాక్టీరియాలు తీర్చాయి. కోపెన్‌హాగెన్ లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్, ఒట్టెసెన్ అనే శాస్త్రజ్ఞులు 1947లో బాసిల్లస్ జాతి బాక్టీరియానుండి ఒక ప్రోటియేజును గుర్తించారు. దీనికి తరువాత సబ్టిలిసిన్ అనే పేరు స్థిరపడింది. 1959లో స్విట్జర్లాండులో బాక్టీరియా ప్రోటియేజు కలిపిన "బయో 40" అనే ఉతుకుడు పొడి వెలువడింది. 1960ల తొలినాళ్ళలో డెన్మార్కుకు చెందిన నోవో సంస్థ బాసిల్లస్ లైకెనిఫార్మిస్ నుండి "ఆల్కలేజ్" అనే ఎంజైమును తయారు చేసి అమ్మకానికి పెట్టింది. క్షారాన్ని తట్టుకునే ఈ ఎంజైముతో ఐరోపాలో ఈ పొడులు వేగంగా వ్యాపించాయి.

1960ల చివర ఒక పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. డిటర్జెంటు కర్మాగారాలలో ఎంజైము ధూళిని పీల్చిన కార్మికులలో కొందరికి ఉబ్బసం వంటి శ్వాస వ్యాధులు వచ్చినట్లు 1969లో బ్రిటన్ నుండి వైద్య నివేదికలు వెలువడ్డాయి. ప్రజలలో భయం పెరిగి అమ్మకాలు పడిపోయాయి. అప్పటినుండి ఎంజైమును ధూళి రేగని చిన్న గుళికలుగా చేసి, పైన మైనం వంటి పూత వేసి కలపడం మొదలైంది. నేటి పొడులలో కనిపించే కొన్ని రంగు గుళికలలో ఎంజైము ఉండవచ్చు. అయితే ప్రతి రంగు గుళికా ఎంజైమే అనుకోరాదు.

తరువాతి ముఖ్య ఘట్టాలు ఇవి:

* 1971లో జపాను శాస్త్రజ్ఞుడు కోకి హోరికోషి గాఢ క్షారంలో పెరిగే బాసిల్లస్ నుండి క్షార ప్రోటియేజు తయారీని ప్రచురించాడు.
* 1985లో అమెరికా శాస్త్రజ్ఞులు సబ్టిలిసిన్ లో 222వ స్థానంలోని మిథియొనైన్ ను మార్చి, విరంజక రసాయనాలకు చెడని రూపాన్ని సృష్టించారు.
* 1987లో జపానులో క్షార సెల్యులేజు కలిపిన "అటాక్" పొడి విడుదలయింది.
* 1988లో నోవో సంస్థ "లైపోలేజ్" ను విడుదల చేసింది. ఒక బూజు జన్యువును ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే మరో బూజులో ప్రవేశపెట్టి దీనిని తయారు చేశారు.
* 2018లో ఎంజైములను ప్రయోగశాలలో క్రమంగా మెరుగుపరచే "నిర్దేశిత పరిణామం" పద్ధతికి ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకుంది. ఆమె తొలి ప్రయోగాలు సబ్టిలిసిన్ పైనే జరిగాయి.

నోవో వారి ఎంజైము విభాగం 2000లో నోవోజైమ్స్ గా విడిపోయింది. 2024లో మరో డేనిష్ సంస్థతో విలీనమై నోవోనెసిస్ అయింది.

భారతదేశంలో సర్ఫ్ 1959లోను, నిర్మా 1969లోను వచ్చాయి. నిర్మా తక్కువ ధరతో పొడిని సామాన్యుల ఇళ్ళకు చేర్చింది. 1991లో ఏరియల్ రాకతో ఎంజైము పొడులకు ఇక్కడ విస్తృత ప్రచారం లభించింది. నేటికీ చౌక పొడులన్నిటిలో ఎంజైములు ఉండవు. పొట్లంపై "ఎంజైము" అనే మాట ఉన్నదో లేదో చూసి తెలుసుకోవాలి.

పనిచేసే విధానం

ఎంజైము ఒక జీవ ఉత్ప్రేరకం. దాని అణువులో క్రియాశీల స్థానం అనే చిన్న గాడి ఉంటుంది. తాళంచెవి తాళంలో అమరినట్లు తగిన అధస్థ పదార్థం మాత్రమే ఆ గాడిలో అమరుతుంది. అమరిన చోట నీటి అణువు సహాయంతో బంధం తెగుతుంది. దీనిని జలవిశ్లేషణ అంటారు. పని ముగిసిన తరువాత ఎంజైము మారకుండా బయటకు వచ్చి మరొక బంధాన్ని తెంచుతుంది. అందువల్లనే చాలా కొద్ది పరిమాణం సరిపోతుంది.

తలతన్యతా కారకాలు జిడ్డును చుట్టుముట్టి నీటిలోకి లాగుతాయి. కానీ ఎండిన రక్తం, పాలు వంటివి దారానికి జిగురులా అంటుకొని, ధూళిని కూడా పట్టి ఉంచుతాయి. ఎంజైము ఆ జిగురును కోస్తుంది. తరువాత తలతన్యతా కారకం ముక్కలను తీసుకుపోతుంది. అంటే ఎంజైము డిటర్జెంటుకు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

ఈ పనికి మూడు షరతులు ఉన్నాయి. మొదటిది కాలం: ఎంజైముకు కనీసం అరగంట నానబెట్టే వ్యవధి ఉంటే మంచిది. రెండవది వేడిమి: గోరువెచ్చని నీటిలో ఇది చురుకుగా ఉంటుంది, మరిగే నీటిలో దాని ఆకృతి చెడిపోతుంది. మూడవది ఉదజని సూచిక: డిటర్జెంటు ద్రావణం సాధారణంగా 9 నుండి 11 వరకు ఉంటుంది కాబట్టి ఆ క్షారత్వంలో నిలిచే ఎంజైములే పనికివస్తాయి.

రకాలు

* ప్రోటియేజులు: మాంసకృత్తులను విడగొడతాయి. రక్తం, గుడ్డు, పాలు, పెరుగు, చొక్కా కాలరుకు పట్టే చెమట మురికి వీటి పరిధిలోనివి. డిటర్జెంటు ఎంజైములలో ఇవే మొదటివి, ముఖ్యమైనవి.
* అమైలేజులు: పిండి పదార్థాన్ని విడగొడతాయి. అన్నం, గంజి, పప్పు, సాంబారు మరకలపై పనిచేస్తాయి.
* లైపేజులు: నూనె, నెయ్యి వంటి కొవ్వులను కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. బట్ట ఆరుతూ తేమ తగ్గే దశలో కూడా వీటి పని సాగుతుంది. అందువల్ల ఒక ఉతుకులో పోని జిడ్డు తరువాతి ఉతుకులో పోవచ్చు.
* సెల్యులేజులు: ఇవి మరకపై కాక నూలు దారంపైనే పనిచేస్తాయి. పైకి లేచిన సన్నని నూగును తొలగించి, గుడ్డకు మెత్తదనాన్ని, రంగుకు మెరుపును తిరిగి తెస్తాయి.
* మాననేజులు: గోరుచిక్కుడు గింజల జిగురు వంటి చిక్కదనమిచ్చే పదార్థాలను విడగొడతాయి. ఐస్‌క్రీము, కొన్ని సాసుల మరకలలో ఈ జిగురు ఉంటుంది.

తయారీ

ఎంపిక చేసిన సూక్ష్మజీవిని పెద్ద ఉక్కు పాత్రలలో పిండి, చక్కెర, సోయా పిండి వంటి పోషకాలున్న ద్రవంలో పెంచుతారు. గాలి, వేడిమి, క్షారత్వాలను అదుపులో ఉంచుతారు. దీనిని కిణ్వ ప్రక్రియ అంటారు. బాసిల్లస్ బాక్టీరియా తాను తయారు చేసిన ఎంజైమును కణం వెలుపలికి వదులుతుంది. ఇది పరిశ్రమకు పెద్ద సౌలభ్యం. కణాలను వడకట్టి, మిగిలిన ద్రవాన్ని చిక్కబరచి, గుళికలుగానో నిలవ ద్రవంగానో మారుస్తారు.

మరొక పద్ధతి ఘనస్థితి కిణ్వనం. తడిపిన తవుడు, పొట్టు వంటి వ్యవసాయ ఉప ఉత్పత్తులపై సూక్ష్మజీవిని పెంచడం ఇందులోని విశేషం.

తెలుగు నాట పరిశోధనలు

క్షార ప్రోటియేజులపై తెలుగు నాట చెప్పుకోదగిన పరిశోధన జరిగింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఔషధ శాస్త్రాల విభాగానికి చెందిన పి. ఎల్లయ్య, కె. ఆదినారాయణ, మరొక సహ పరిశోధకునితో కలిసి బాసిల్లస్ సబ్టిలిస్ పిఇ-11 అనే బాక్టీరియానుండి ఒక ప్రోటియేజును శుద్ధిచేసి 2003లో వివరాలు ప్రచురించారు. ఆ ఎంజైము ఉదజని సూచిక 10 వద్ద, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధికంగా పనిచేసింది. బజారులో దొరికే డిటర్జెంట్లతో కలిపినప్పుడు కూడా నిలిచింది, గుడ్డపై రక్తపు మరకను తొలగించింది. అంతకు ముందు 2002లో ఇదే బృందం సూక్ష్మజీవుల క్షార ప్రోటియేజులపై ఒక విస్తృత సమీక్షా వ్యాసాన్ని వెలువరించింది.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు పెసర పొట్టుపై బాసిల్లస్ ను పెంచి క్షార ప్రోటియేజును ఉత్పత్తి చేయవచ్చునని 2006లో చూపారు. ఈ ఫలితం కృష్ణా డెల్టాకు ఆసక్తికరమైనది. ఇక్కడ వరి కోతల వేళ పొలాలలో మినుము, పెసర చల్లడం రైతుల వాడుక. పప్పు మిల్లులలో పొట్టు, ధాన్యపు మిల్లులలో తవుడు విరివిగా వస్తాయి. పశువుల దాణాగా పోయే ఈ ఉప ఉత్పత్తులు ఎంజైము తయారీకి చవకైన ముడిపదార్థం కాగలవు. డెల్టాలోని చౌడు నేలల వంటి క్షార నేలలు క్షారాన్ని ఇష్టపడే బాక్టీరియాలను వెదకడానికి సహజమైన చోట్లు.

డెల్టా ఇళ్ళలో వాడకం

శీతల దేశాలలో ఎంజైముల ప్రధాన ప్రయోజనం నీరు కాచే ఖర్చు తగ్గడం. విజయవాడలో నీరు కాచనవసరం లేదు. సంవత్సరంలో చాలా కాలం కుళాయి నీరే వెచ్చగా ఉంటుంది. బట్టలను బకెట్టులో నానబెట్టి ఉతకడం ఇక్కడి అలవాటు. ఈ రెండూ ఎంజైములకు అనుకూలమే. యంత్రంలో పది పదిహేను నిముషాల ఉతుకు కంటే బకెట్టులో గంటసేపు నానడం ఎంజైముకు ఎక్కువ వ్యవధిని ఇస్తుంది.

ఆచరణలో ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి.

* రక్తం, పాలు, గుడ్డు మరకలపై ముందుగా మరిగే నీరు పోయరాదు. వేడికి మాంసకృత్తు గడ్డకట్టి దారానికి పట్టేస్తుంది.
* బ్లీచింగ్ పొడి, ఎంజైము పొడి ఒకే బకెట్టులో కలపరాదు. క్లోరిన్ ఎంజైమును చెడగొడుతుంది.
* బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే నురుగు తగ్గుతుంది, పొడి ఎక్కువ పడుతుంది. ఇది ఎంజైము లోపం కాదు, కఠిన జలం ప్రభావం.
* గంజి పెట్టిన నూలు చీరలు, పంచెల పాత గంజిని అమైలేజు పూర్తిగా తొలగిస్తుంది. ఇది మంచిదే. అయితే కొత్త గంజిని డిటర్జెంటు పూర్తిగా జాడించిన తరువాతే పెట్టాలి. లేనిచో మిగిలిన ఎంజైము గంజి బిగువును తగ్గించవచ్చు.

ఎంజైములు పనిచేయని మరకలు

పసుపు మరక కర్కుమిన్ అనే రంగు పదార్థం వల్ల కలుగుతుంది. అది మాంసకృత్తు కాదు, పిండి కాదు, కొవ్వు కాదు. కనుక పై ఎంజైములు దానిని కోయలేవు. క్షారం తగలగానే అది ఎర్రబడుతుంది, ఎండలో క్రమంగా వెలుస్తుంది. ఆవకాయ మరకలో నూనెను లైపేజు వదిలిస్తుంది కాని పసుపు, కారం రంగులు మిగలవచ్చు. ఇనుప తుప్పు, రేగడి మట్టి కూడా ఈ ఎంజైముల పరిధిలోనివి కావు.

2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరు వరద విజయవాడ ఇళ్ళలోకి వచ్చింది. అటువంటి వరద నీటిలో బురదతో పాటు మురుగు కూడా కలిసి ఉంటుంది. ఆ బట్టల విషయంలో ఎంజైము పొడిని నమ్ముకొని ఊరుకోరాదు. ముందు బురదను నీటితో జాడించాలి, తరువాత డిటర్జెంటుతో ఉతకాలి, ఆపై తట్టుకునే బట్టలను వేడినీటితోనో, విడిగా బ్లీచింగ్ ద్రావణంతోనో క్రిమిరహితం చేసి మంచి ఎండలో ఆరవేయాలి.

పట్టు, ఉన్ని బట్టలు

పట్టు దారం ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు. ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తు. ప్రోటియేజుకు రక్తపు మరక, పట్టు దారం అనే భేదం తెలియదు. పదేపదే ఎంజైము పొడితో ఉతికితే పట్టు మెరుపు తగ్గి, దారం బలహీనపడుతుంది. పొడిలోని క్షారం ఈ హానిని పెంచుతుంది. కాబట్టి ధర్మవరం, ఉప్పాడ వంటి పట్టుచీరలకు ఎంజైము పొడులు వాడరాదు. కుంకుడు రసం గాని, పట్టుకై తయారు చేసిన క్షారరహిత ద్రవం గాని వాడాలి. మంగళగిరి నూలు చీరలకు ఎంజైములతో ఇటువంటి ప్రమాదం లేదు. పెడన కలంకారి వంటి సహజ రంగుల బట్టలకు ఎంజైముకంటె గాఢ క్షారము, విరంజకాలే ఎక్కువ హానికరం.

ఆరోగ్యం

పూత వేసిన గుళికల వల్ల ఇంటి వాడుకలో ఎంజైము ధూళి పీల్చే అవకాశం చాలా తక్కువ. చేతులు పగలడానికి, మండడానికి ముఖ్య కారణం పొడిలోని క్షారము, తలతన్యతా కారకాలు. ఎంజైము ఒక్కటే కాదు. రోజంతా చేతితో ఉతికే రజకులు, ఇంటి పనివారు చేతితొడుగులు వాడడం, పని తరువాత చేతులు కడిగి నూనె రాసుకోవడం మంచిది. పొడిని ఎత్తునుండి గుమ్మరించరాదు. పిల్లల బట్టలను రెండు మూడు సార్లు జాడించాలి.

కాలువలు, పర్యావరణం

1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడినుండి తూర్పు డెల్టాకు నీరిచ్చే ఏలూరు, రైవస్, బందరు కాలువలు విజయవాడ నగరం మధ్యగా ప్రవహిస్తాయి. దిగువన అనేక గ్రామాలు, పట్టణాలు ఇదే నీటిని చెరువులలో నింపుకొని తాగుతాయి. అందువలన నగరంలో కాలువలోకి వదిలే సబ్బు నీరు దూరపు సమస్య కాదు. అది దిగువ ఊరి మంచినీటి చెరువు సమస్య.

ఎంజైములు మాంసకృత్తులు కనుక నీటిలో సూక్ష్మజీవుల వల్ల త్వరగా శిథిలమవుతాయి. ఇబ్బంది పొడిలోని ఇతర పదార్థాలతో వస్తుంది. కఠిన జలాన్ని మెత్తబరచడానికి కలిపే ఫాస్ఫేట్లు నీటి మొక్కలకు ఎరువు. కాలువలను కప్పివేసే గుర్రపుడెక్క పెరుగుదలకు పొలాల ఎరువులు, ఊళ్ళ మురుగుతో పాటు డిటర్జెంటు ఫాస్ఫేట్లు కూడా తోడ్పడతాయి. బుడమేరు నీరు చేరే కొల్లేరు సరస్సుకు 2002లో రామ్సర్ గుర్తింపు లభించింది. అక్కడా ఈ పోషకాల భారం ముఖ్య సమస్యలలో ఒకటి.

ఎంజైముల వల్ల పొడి పరిమాణాన్ని, ఫాస్ఫేట్లను తగ్గించే అవకాశం కలుగుతుంది. కానీ ఆ లాభం దానంతట అది రాదు. నురుగు కోసం అలవాటుగా రెండు గుప్పెళ్ళు వేసేవారు ఎంజైము పొడిని కూడా అంతే వేస్తే కాలువకు ఏ మేలూ జరగదు. పొట్లంపై చెప్పిన కొలతకు మించకుండా వేసి నానబెడితేనే ఇంటికి ఖర్చు, కాలువకు బరువు తగ్గుతాయి. నురుగు శుభ్రతకు కొలమానం కాదు.

విద్యార్థులకు ఒక ప్రయోగం

ఉడికించిన గుడ్డు తెల్లసొనను సమాన పరిమాణంలో మూడు చిన్న ముక్కలుగా కోయాలి. మూడు గాజు గ్లాసులలో సమానంగా గోరువెచ్చని నీరు తీసుకోవాలి. మొదటి దానిలో నీరు మాత్రమే ఉంచి, రెండవ దానిలో ఎంజైము లేని పొడి, మూడవ దానిలో ఎంజైమున్న పొడి ఒక్కొక్క చెంచా కలపాలి. ముక్కలను వేసి ఒకటి రెండు రోజులు ఉంచి, అంచులు, పరిమాణం ఎలా మారాయో పోల్చాలి. నాల్గవ గ్లాసులో ఎంజైము పొడి ద్రావణాన్ని ముందుగా మరిగించి చల్లార్చి ఇదే విధంగా చేస్తే, వేడికి ఎంజైము చెడడం కూడా గమనించవచ్చు. ద్రావణాలను చేతితో తాకరాదు, రుచి చూడరాదు. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో చేయాలి.

ఇవి కూడా చూడండి

* ఎంజైము
* సబ్బు
* కఠిన జలం
* కుంకుడు
* ప్రకాశం బ్యారేజి
* కొల్లేరు సరస్సు